హంసలదీవి సాగరతీరం

హంసలదీవి కృష్ణా జిల్లా కోడూరు మండలంలోని చిన్న ఊరు. మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచిన కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర చీలి, పాయల నడుమ దివిసీమను నిలిపి, ఈ ఊరి దాపున బంగాళాఖాతంలో కలుస్తుంది. ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడి, పాలకాయతిప్ప తీరం, దానికి అవతల ఉన్న సాగరసంగమం, ఈ మూడింటినీ యాత్రికులు కలిపి హంసలదీవి అనే అంటారు. బందరు నుంచి వచ్చేవారు చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా చేరుకుంటారు.

కరీబియన్ దీవుల్లోలాంటి తెల్లటి ఇసుక, నీలి నీళ్లు ఇక్కడ ఉండవు. అక్కడి ఇసుకలో చాలా భాగం పగడపు దిబ్బల నుంచి, గవ్వల నుంచి అరిగి వచ్చిన పొడి. దివిసీమ నేలంతా ఏరు మోసుకొచ్చి పోసిన ఒండ్రు. అందుకే మొగ దగ్గర నీరు మట్టిరంగులో ఉంటుంది. వరదొచ్చినప్పుడు ఏటి నీటికీ సముద్రపు నీటికీ మధ్య రంగు తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. తిప్పలు ఏటేటా జరుగుతుంటాయి, మొగ రూపం మారుతుంటుంది. ఏటి ఉరవడి, సముద్రపు పోటు ఎదురెదురుగా తగిలే చోట ఈత ప్రమాదకరం. ఈతగాళ్లు కూడా అక్కడ లోతుకు దిగకూడదు.

ఈ తీరం చెడిపోకుండా మిగలడానికి ముఖ్య కారణం మడ అడవి. ఏటి మొగల చుట్టూ ఉన్న ఈ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్లతో మడ చెట్లు ఉప్పునీటిలోనే బతుకుతాయి. రొయ్య పిల్లలూ పీతలూ చేప పిల్లలూ ఈ వేళ్ల మధ్యే పెరిగి, తర్వాత వేటగాళ్ల వలల్లోకి వస్తాయి. మడ పోతే వేట కూడా పోతుందని పల్లెకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఈ అడవిలో ఉంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఇసుకలోకి ఎక్కి, గుంట తవ్వి, ఒక్కోటి సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది.

దివిసీమను 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నుంచి విడదీసి చూడలేం. ఆ రోజు సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. పాలకాయతిప్ప లాంటి తీరపు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటి మంత్రి మండలి వెంకటకృష్ణారావు సహాయ, పునర్నిర్మాణ పనుల్లో ముందు నిలిచారు. మడ దట్టంగా ఉన్నచోట అలల ఉద్ధృతి తగ్గుతుంది. ఈ అడవిని పనికిరాని చిత్తడిగా లెక్కగట్టి నరికి రొయ్యల చెరువులు తవ్వడం ఆత్మహత్యతో సమానం.

మాఘ పౌర్ణమికి ఈ నిర్జన తీరం కిటకిటలాడిపోతుంది. వేణుగోపాలస్వామి కల్యాణం చూసి, తెల్లవారుజామున సంగమంలో మునకలు వేయడానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. అందరి పాపాలూ కడిగి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునగగానే హంసగా మారిందని స్థలపురాణం. కార్తీక పౌర్ణమి స్నానాలకు మాత్రం బందరు వైపు జనం ఎక్కువగా మంగినపూడికే వెళ్తారు. అక్కడి తీరపు నేల నలుపు, లోతు తక్కువ.

తీరం ఒక్కటే చూసి వెనుదిరిగితే దివిసీమ సగమే తెలుస్తుంది. దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి, ఏటి ఒడ్డునే శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు కోవెల ఉన్నాయి. ఆముక్తమాల్యద రాయమని శ్రీకృష్ణదేవరాయలకు కలలో ఆజ్ఞ అయింది ఈ శ్రీకాకుళంలోనే. కూచిపూడి అగ్రహారం, క్షేత్రయ్య పదాల మువ్వగోపాలుడి మొవ్వ కూడా దగ్గరే. నాగాయలంక వైపు వెళితే ఎదురుమొండి దీవి వస్తుంది. మనుషులూ బళ్లూ పంటు మీద పాయ దాటి వెళ్లే ఊరది. పీతల కూర, చింతపండు పులుపు గట్టిగా తగిలిన చేపల పులుసు ఈ సీమ ఇళ్లలో మామూలు వంటలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలతో సముద్రపు వేట నిషేధం కాబట్టి, ఆ రెండు నెలలూ తాజా సముద్రపు చేప అంత తేలిగ్గా దొరకదు.

తీరానికి ముప్పు ఎగువ నుంచి కూడా ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోతుండడంతో సముద్రం కోసుకుపోయిన నేల మళ్లీ పూడటం లేదు. ఈ కోతను యాత్రికులు ఆపలేరు గానీ, బళ్లను ఇసుకలోకి దించకుండా, సీసాలూ సంచులూ వదలకుండా, తాబేళ్లు ఒడ్డెక్కే నెలల్లో దీపాలు వెలిగించకుండా ఉండగలరు. రాత్రి బసకు అవనిగడ్డ అనువైన ఊరు. చీకటి పడేలోగా తీరం విడిచి రావడం మేలు.