ఛాయాకర్ణమున దాగిన గణితము

జ్యోతిషము వేదపురుషునకు నేత్రమని పెద్దలు చెప్పుదురు. షడంగములలో దానికి ఆ స్థానము లభించుటకు కారణము ఫలాదేశము కాదు, కర్మకాల నిర్ణయము. సంధ్య ఎప్పుడు, పర్వము ఎప్పుడు అన్నది తెలియనిదే అనుష్ఠానము సాగదు.

ఇటీవల పదవ తరగతి చదువుచున్న బాలిక ఒకతె అర్చనానంతరము తీర్థము పుచ్చుకొనుచు, “పంతులుగారూ, సైన్, సెకెంట్ ఇవన్నీ మనవాళ్ళకు తెలుసా?” అని అడిగినది. “అన్నియు మన శాస్త్రములలోనివే తల్లీ” అని తడుముకొనక పలికితిని. ఆ రాత్రి ఆ మాటయే నన్ను బాధించినది. చూడక చెప్పినది సత్యమగునా? గ్రంథములు తెరచితిని.

క్రీ.శ. 499 నాటి గణనను ప్రస్తావించు ఆర్యభటీయమున వృత్తపాదమును 24 భాగములు చేసి, 225 కలల అంతరమున జ్యాఖండములు చెప్పబడినవి. సూర్యసిద్ధాంతమునను అట్టి పట్టికయే కలదు; త్రిజ్య 3438. ఆ ‘జీవా’ శబ్దమే అరబ్బుల లిపిలో ‘జీబ’యై, ‘జైబ్’ అని చదువబడి, లాటినులో ‘సైనస్’గా అనువదింపబడి, మన పిల్లల పుస్తకములకు ‘సైన్’గా తిరిగివచ్చినది. భుజజ్యా కోటిజ్యల వర్గముల మొత్తము త్రిజ్యావర్గమునకు సమానమను సూత్రము 6వ శతాబ్దిలో వరాహమిహిరుని పంచసిద్ధాంతికయందు కలదు.

మరి సెకెంటు? సూర్యసిద్ధాంతమున దానికి వేరు పట్టిక లేదు. దానిని ప్రత్యేక ప్రమేయముగా వాడినవాడు 10వ శతాబ్ది బాగ్దాదు గణకుడు అబుల్ వఫా. కాని ఆ పేరు లేకున్నను ఆ నిష్పత్తి మనకు కలదు. విషువద్దినమున, మధ్యాహ్నవేళ, 12 అంగుళముల శంకువునకు పడు నీడ పలభ. శంక్వగ్రము నుండి నీడకొన వరకు గల దూరము పలకర్ణము. పలకర్ణమును 12చే భాగించినచో వచ్చునది అక్షాంశపు సెకెంటే.

పలభ 3½ అంగుళములు అనుకొందము. దాని వర్గము 12¼, 144తో కూడగా 156¼, మూలము 12½. ఇదియే పలకర్ణము. త్రిజ్యను పలభచే గుణించి పలకర్ణముచే భాగింపగా అక్షజ్య సుమారు 963. పట్టికలో 890కి చాపము 15 అంశలు, 1105కు 18 అంశల 45 కలలు. నడుమ త్రైరాశికము చేయగా అక్షాంశము 16 అంశల 16 కలలు. దాదాపు మన గుంటూరు ప్రాంతపు అక్షాంశమిదియే! ఈ పలభ నుండియే చరము, చరము నుండి దినమానము, దాని నుండి సంధ్యాకాలము సిద్ధించును. ప్రాచీనులు సెకెంటుచే గుణింపలేదు, కోటిజ్యచే భాగించిరి. ఫలము ఒక్కటే.

మరుసటి వారము ఆ బాలిక వచ్చినప్పుడు ఉన్నది ఉన్నదనియు, లేనిది లేదనియు చెప్పి నా మాటను సవరించుకొంటిని. పూర్వుల కీర్తికి మన అతిశయోక్తి అక్కరలేదు. శంకువు నిటారుగా నిలిచిననే గదా, నీడ నిజము చెప్పునది!