పుస్తకావిష్కరణలో వెనక టేబుల్: కోఠి నుంచి ఇబ్రహీంపట్నం దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక టేబుల్ గురించి. నిజంగానే, మామూలు టేబుల్.

కొన్నేళ్ల కిందటి మాట. నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా. ఒక శనివారం సాయంత్రం ఫ్రెండ్ ఒకడు బలవంతంగా బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి లాక్కెళ్లాడు. ఏదో పుస్తకావిష్కరణ సభ. స్టేజీ మీద ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మంది వక్తలు. రంగు కాగితం విప్పి, పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకుని అందరూ ఫొటో దిగారు. నాలుగో ప్రసంగం మొదలయ్యేసరికి నాకు ఓపిక అయిపోయి మెల్లగా బయటికొచ్చా.

తలుపు పక్కన ఒక టేబుల్ ఉంది. దాని మీద పుస్తకాల దొంతరలు, ఒక రశీదు బుక్కు, చిల్లర వేసుకునే డబ్బా. వెనక ఒక పెద్దాయన. సిటీలో ఒక చిన్న పుస్తకాల షాపు నుంచి వచ్చారట. ఊరికే మాట కలపడానికి అడిగా, "ఎన్ని పోయినయ్ అంకుల్?" అని.

"పదకొండు."

లోపల జనం నూట యాభైకి తక్కువ లేరు. నాకే సిగ్గేసింది, ఎందుకంటే నేనూ కొనలేదు. "మరి ఎందుకు వస్తారు?" అన్నా. ఆయన నవ్వి, "మేం టేబుల్ వేయకపోతే ఇది మీటింగ్ అవుతది బాబూ, పుస్తకావిష్కరణ ఎట్లయితది?" అన్నారు.

ఇంటికెళ్లాక కూడా ఆ మాట వదల్లేదు. అసలు మన దగ్గర ఈ సభలు ఎలా మొదలయ్యాయి, వాటిని నిలబెట్టింది ఎవరు అని చదవడం మొదలుపెట్టా. అలా వెనక్కి పోతూ పోతూ, చివరికి నేను బీటెక్ చదివిన ఊరు ఇబ్రహీంపట్నం దగ్గర తేలా. ఎలాగో చెప్తా.

ముందు 1901కి వెళ్దాం. నిజాం రాజ్యం. ఆఫీసుల్లో, కోర్టుల్లో ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషికి బయట తెలుగులో చదువుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అలాంటి టైంలో, 1901 సెప్టెంబర్ 1న, హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి వాళ్లు వెనక ఉన్నారు. ఇప్పుడు మనం సుల్తాన్‌బజార్, కోఠి అంటున్న ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని అప్పుడు రెసిడెన్సీ బజార్లు అనేవాళ్లు. అక్కడ పెత్తనం బ్రిటిష్ రెసిడెంట్‌ది. ఆ ప్రాంతం తిరిగి నిజాం చేతికి వచ్చింది 1933లోనే.

ఇది ఎందుకు ముఖ్యం అంటే, నిజాం రాజ్యంలో పదిమంది ఒక చోట కూర్చుని మాట్లాడుకోవడం అంత తేలిక కాదు. 1920ల నుంచి 'గస్తీ నిషాన్ 53' అని ఒక రూల్ నడిచింది. గస్తీ నిషాన్ అంటే సర్కారు జారీ చేసే సర్క్యులర్ అనుకోండి. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందు పర్మిషన్ కావాలి. ఇవాళ మనం బోర్ అనుకుంటున్న సభ ఉంది చూశారా, ఒకప్పుడు దాని కోసం అధికారుల గుమ్మాలు ఎక్కి దిగాల్సి వచ్చేది.

రాసేవాళ్లు లేక కాదు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి 354 మంది కవుల్ని చూపించారు. అంటే రాసే చెయ్యి ఉంది. చదివే కన్ను కూడా ఎక్కడో ఉంది. ఈ రెండిటి మధ్య పుస్తకాన్ని మోసుకెళ్లే భుజం కావాలి. సమస్య అక్కడ.

ఆ భుజం పేరు వట్టికోట ఆళ్వారుస్వామి.

1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. పేద ఇల్లు. వంట చేసి పెడుతూ చదువుకున్నారు, హోటల్లో పనిచేశారు, తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అని ఒక ప్రచురణ సంస్థ పెట్టారు. దాని నుంచి ముప్పైకి పైగా పుస్తకాలు వచ్చాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే వన్ మ్యాన్ స్టార్టప్. కానీ ఫండింగ్ లేదు, ఆఫీస్ లేదు, డెలివరీ బాయ్ కూడా ఆయనే. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని ఊరూరా తిరిగి అమ్మారు.

ఆ రోజుల్లో ఆంధ్ర మహాసభ సమావేశాలు జరిగేవి. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1935లో సిరిసిల్ల, 1936లో మన షాద్‌నగర్, 1944లో భువనగిరి. ఊర్లు చూడండి. రాజధాని కాదు, జిల్లాల్లోని చిన్న పట్టణాలు. జనం ఉన్న చోటికే సభ వెళ్లింది. సభ ఉన్న చోటికి పుస్తకం వెళ్లింది.

ఆళ్వారుస్వామి తర్వాత జైలుకి కూడా వెళ్లారు. నిజామాబాద్ జైల్లో ఆయనా, కవి దాశరథీ కలిసి ఉన్నారు. దాశరథి తన 'అగ్నిధార'ని ఆయనకే అంకితమిచ్చారు. మామూలుగా కావ్యాలు రాజులకో, డబ్బున్న వాళ్లకో అంకితమిచ్చేవాళ్లు కదా. ఇక్కడ పుస్తకాల సంచి మోసిన మనిషికి ఇచ్చారు. ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. 1961లో, నలభై ఐదేళ్లకే పోయారు.

ఇంకొక సభ గురించి చెప్పాలి. 1953, ఆలంపూర్. ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు. అక్కడ కాళోజీ 'నా గొడవ'ని శ్రీశ్రీ ఆవిష్కరించారు. ఒక్కసారి ఊహించుకోండి, కాళోజీ పుస్తకం, శ్రీశ్రీ చేతుల మీదుగా. అది కూడా హైదరాబాద్ హాల్లో కాదు, రెండొందల కిలోమీటర్ల అవతల, తుంగభద్ర ఒడ్డున.

ఇది మన దగ్గరే కాదు. పారిస్‌లో అడ్రియెన్ మోనియే అనే ఆవిడకి ఒక చిన్న పుస్తకాల షాపు ఉండేది. 1921 డిసెంబర్ 7న ఆ షాపులో ఒక సాయంత్రం సభ జరిగింది. వలేరీ లార్బో అనే రచయిత ఇంకా పుస్తకంగా రాని ఒక నవల గురించి మాట్లాడారు. ఆ నవల జేమ్స్ జాయిస్ 'యులిసిస్'. రెండు నెలల్లో, 1922 ఫిబ్రవరి 2న, దాన్ని అచ్చేసింది కూడా పుస్తకాల షాపు ఆవిడే. అదే వీధిలో 'షేక్‌స్పియర్ అండ్ కంపెనీ' నడిపిన సిల్వియా బీచ్. పెద్ద పబ్లిషర్లు భయపడిన పుస్తకాన్ని రెండు చిన్న షాపులు భుజాన వేసుకున్నాయి.

సరే, మన హైదరాబాద్‌కి తిరిగొద్దాం. కాచిగూడలో నవోదయ బుక్ హౌస్ లాంటి చోట్లకి వెళ్తే, కౌంటర్ దగ్గరే ఏ రచయిత కొత్త పుస్తకం వచ్చింది, ఎక్కడ సభ ఉంది అన్నీ తెలిసిపోతాయి. అల్గారిథమ్ అవసరం లేదు, అక్కడున్న మనిషే చెప్తాడు. కానీ ఆ టేబుల్ వెనక లెక్క ఏంటో ఒకసారి వేద్దాం. ఇది నేను ఉదాహరణకి వేస్తున్న లెక్క, ఏ షాపుదీ కాదు. పుస్తకం ధర 200 అనుకోండి. అందులో మూడో వంతు షాపుకి మిగిలింది అనుకోండి, అంటే 66 రూపాయలు. పదకొండు కాపీలకి 726. అందులోంచి అట్టపెట్టెలు తేవడానికి ఆటో, తీసుకెళ్లడానికి ఆటో, మధ్యలో చాయ్. ఒక మనిషి సాయంత్రం మొత్తం. మిగిలేదేమీ లేదు. అయినా టేబుల్ పడుతూనే ఉంది. మన దగ్గర సాహిత్య సభలకి స్పాన్సర్ ఎవరు అని అడిగితే, చాలాసార్లు కరెక్ట్ ఆన్సర్ ఇదే: షాపు వదులుకున్న లాభం.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం.

మీలో చాలామందికి ఇబ్రహీంపట్నం అంటే సాగర్ రోడ్డు, పెద్ద చెరువు, ఇంజినీరింగ్ కాలేజీలు. నాకూ అంతే. నాలుగేళ్లు అక్కడ బస్సు దిగా. టెక్ ఫెస్ట్‌లు చూశా, ఫ్రెషర్స్ పార్టీలు చూశా. ఒక్క రచయితని కూడా చూడలేదు. అది లోటు అని కూడా నాకు అప్పుడు తెలీదు.

1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదలైంది. సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి లాంటి వాళ్లు కలిసి పెట్టారు. ఆలోచన సింపుల్: మంచి పుస్తకం, తేలిక తెలుగు, మామూలు మనిషి కొనగలిగే ధర. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి గారు 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే, దాన్ని వేసింది వీళ్లే. బానిసగా అమ్ముడుపోయిన మనిషి వారసులు తమ మూలాలు వెతుక్కునే కథ అది.

ఆ తర్వాత, 1980ల మధ్యలో, గీతా రామస్వామి ఇబ్రహీంపట్నం తాలూకా ఊళ్లకి వచ్చారు. పుస్తకాలు అమ్మడానికి కాదు. ఇక్కడ దళిత కూలీలు, జీతగాళ్లు ఉన్నారు. జీతం అంటే మన నెల జీతం కాదు. అప్పు కింద దొర ఇంట్లో ఏళ్లకేళ్లు పనిచేయడం. దీన్ని నిషేధిస్తూ చట్టం 1976లోనే వచ్చింది. కాగితం మీద ఉంది, ఊళ్లోకి రాలేదు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం జీతాల నుంచి విడుదల కోసం, కూలి రేట్ల కోసం, భూమి కోసం కొట్లాడింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారి సాయంగా నిలబడ్డారు. ఆవిడ ఈ అనుభవాలన్నీ 'ల్యాండ్, గన్స్, కాస్ట్, ఉమన్' అని ఇంగ్లీష్‌లో ఆత్మకథగా రాశారు. 2022లో వచ్చింది.

నేను ఆ పుస్తకం ఎక్కడ కొన్నానో చెప్పనా? ఒక సభలో, వెనక టేబుల్ దగ్గర. వేరే పుస్తకం ఆవిష్కరణకి వెళ్లా, టేబుల్ మీద ఇది కనిపించింది. తిరగేస్తే లోపల ఇబ్రహీంపట్నం. ఆన్‌లైన్‌లో అయితే నేను దీన్ని సెర్చ్ చేసేవాణ్ని కాదు. ఉందని తెలిస్తే కదా సెర్చ్ చేయడానికి.

మా తాతది ఇబ్రహీంపట్నం అవతల ఒక చిన్న ఊరు. చదువు రాదు. దసరాకి వెళ్లినప్పుడు నా చేతిలో ఆ పుస్తకం చూసి ఏంటని అడిగాడు. చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గా పుస్తకంల జీతం సంగతి ఉన్నదా బిడ్డా?" అన్నాడు.

ఉంది తాతా అన్నా.

"నేను ఆరేండ్లు ఉన్న," అన్నాడు.

నాకు అప్పటిదాకా తెలీదు. మా నాన్నకి తెలుసు, నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మూడు రోజులు నేను ఇంగ్లీష్‌లో చదువుకుంటూ ఆయనకి మన మాటల్లో చెప్పా. కొన్ని చోట్ల ఆగమన్నాడు. కొన్ని చోట్ల "గట్ల కాదు, ఇంకోలెక్క" అని తన కథ చెప్పాడు. పక్కింటి వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వాళ్లూ తలా ఒకటి చెప్పారు. రంగు కాగితం లేదు, కుర్చీలు లేవు. కానీ నేను చూసిన వాటిల్లో అసలైన పుస్తక సభ అదే.

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఈ పుస్తకంలో ఉన్న మనుషులు ఇక్కడున్నారు. పుస్తకం గురించి సభ పెట్టే హాళ్లు అక్కడ, ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్నాయి. షాద్‌నగర్‌కి, ఆలంపూర్‌కి నడిచొచ్చిన సభ మధ్యలో ఎక్కడో సిటీ బస్సెక్కి వెళ్లిపోయింది. వక్తల్ని తప్పు పట్టి లాభం లేదు. పుస్తకాల షాపు ఉన్న చోట సభ ఉంటుంది. మన దగ్గర షాపు అంటే గైడ్లు, రికార్డు బుక్కులు, జిరాక్స్.

కాబట్టి ఈసారి సబ్‌స్క్రయిబ్ చేయమని అడగను. ఎప్పుడైనా ఆవిష్కరణ సభకి వెళ్తే, ప్రసంగాలు నచ్చకపోతే లేచి రండి, పర్లేదు. కానీ ఆ టేబుల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. నచ్చితే ఒకటి కొనండి. పదకొండు కాస్తా పన్నెండు అవుతుంది. ఆ షాపు ఇంకో సాయంత్రం నిలబడుతుంది.

చివరగా ఒక విషయం. పోయిన వారం ఆ పెద్దాయనకి ఫోన్ చేశా. "అంకుల్, ఇబ్రహీంపట్నంలో ఒక సభ పెడదామనుకుంటున్నా. చిన్నదే. మా తాత వాళ్లు కూడా వస్తారు, వాళ్లకి చదవడం రాదు, ఎవరైనా చదివి వినిపించాలి. మీరు టేబుల్ వేస్తారా?" అన్నా. జనం ఎంతమంది వస్తారని అడుగుతారేమో, ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా.

ఆయన అడిగింది వేరే. "బస్సుల అట్టపెట్టెలు ఎక్కనిస్తరా, ఆటో మాట్లాడుకోవాల్నా?"

ఆటో నేను మాట్లాడతా అని చెప్పా. డేట్ ఫిక్స్ అయ్యాక మీకూ చెప్తా. ఉంటా.