బెంగళూరు వైశ్యా బ్యాంకు

బెంగళూరు పాతపేటలో బట్టలు, కిరాణా, బంగారం వ్యాపారం చేసే ఆర్యవైశ్యుల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, కొట్టులో కన్నడం. ఆ వర్గం పెద్దలు 1930లో వైశ్యా బ్యాంకును స్థాపించారు. మైసూరు సంస్థానం అండతో 1913లో పుట్టిన మైసూరు బ్యాంకు అప్పటికే ఉంది; ఇది మాత్రం వర్తకుల సొంత పెట్టుబడి. బ్యాంకు గడప తొక్కని చిన్నవారికీ అప్పు అందాలన్నది దాని ఆశయం. పేరులో కులం ఉన్నా ఖాతా అందరికీ తెరిచింది. అదే దాని అసలు ఘనత.

1948లో షెడ్యూల్డ్ బ్యాంకు అయింది. 1969, 1980 జాతీయీకరణల్లో ప్రైవేటుగానే మిగిలింది. 2002లో యాజమాన్యం డచ్ సంస్థ ఐఎన్‌జీ చేతికి వెళ్లి, ఐఎన్‌జీ వైశ్యా అయింది. 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రాలో విలీనమైంది.