ఆగ్రాలో ఆగిపోయిన చర్చ

1854 ఏప్రిల్ 10, సోమవారం. ఆగ్రాలో మిషన్ వారి బడి గది జనంతో నిండిపోయింది. ఒక పక్క జర్మన్ పాదరీ కార్ల్ గాట్లీబ్ ఫాండర్, ఆయనకు తోడుగా థామస్ వాల్పీ ఫ్రెంచ్. ఎదురుగా కైరానా మౌల్వీ రహమతుల్లా, ఆయన పక్కన ఆగ్రాలోనే సర్కారు వైద్యుడిగా పనిచేస్తున్న డాక్టర్ వజీర్ ఖాన్. ఏయే విషయాల మీద వాదించుకోవాలో ముందే ఉత్తరాల్లో ఖాయం చేసుకున్నారు. కొత్త గ్రంథం వస్తే పాతది రద్దవుతుందా? బైబిల్ మూలపాఠం మారిపోయిందా? తర్వాత త్రిత్వం, ముహమ్మద్ ప్రవక్తృత్వం, ఖురాన్. రెండు రోజులు వాదించుకున్నారు. మొదటి రెండు ప్రశ్నలు దాటలేదు. ఒక్కడైన దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనడంలో అర్థమేమిటన్న అసలు ప్రశ్న మూడోది. దాని వంతు రానే లేదు.

గెలుపెవరిదన్న దాని మీద రెండు వైపులా పుస్తకాలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. వాళ్లు అక్కడే ఎందుకు ఆగిపోయారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని నా నమ్మకం.

ఫాండర్ సామాన్యుడు కాదు. కాకసస్ కొండల్లోని షుషా పట్టణంలో ఉంటూ 1829లో ‘మీజానుల్ హక్’ రాశాడు. రష్యా ప్రభుత్వం అక్కడి మిషన్‌ను మూసేయించాక హిందూదేశం వచ్చి, ఆ పుస్తకాన్ని పారశీకంలో, ఉర్దూలో పంచిపెట్టాడు. అందులో ఆయన వాదన సూటిగా ఉంటుంది. తౌరాతును (మోషే ధర్మశాస్త్రాన్ని), ఇంజీల్‌ను (సువార్తను) ఖురానే గౌరవిస్తోంది కదా, మరి ముస్లింలు వాటిని ఎందుకు ఒప్పుకోరు? దీనికి మౌల్వీలు తరతరాలుగా చెబుతున్న జవాబు ఒకటుంది: అసలు ఇంజీల్ ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నది కాదు, అది మారిపోయింది. రుజువేదని పాదరీలు ఎదురడిగేవారు.

ఆగ్రాలో ఆ రుజువులు బల్ల మీదికి వచ్చాయి. అవి వచ్చింది ఐరోపా నుంచే. వజీర్ ఖాన్ ఇంగ్లండ్ వెళ్లి వచ్చినవాడు, ఇంగ్లిషు చదివినవాడు. బైబిల్ ప్రతుల్లోని పాఠభేదాలను క్రైస్తవ పండితులే లెక్కగట్టి రాసిన గ్రంథాలు ఆయన దగ్గరున్నాయి. రహమతుల్లా ప్రశ్న వెనుక ప్రశ్న వేస్తుంటే, పేజీ తీసి చూపించడం ఆయన వంతు. పాఠభేదాలున్నాయని ఫాండర్ ఒప్పుకున్నాడు. ఏడెనిమిది చోట్ల మార్పు జరిగినట్టు కూడా అంగీకరించాడని ముస్లింల వృత్తాంతం చెబుతుంది. అయినా సువార్త సారం చెక్కుచెదరలేదని ఆయన పట్టుబట్టాడు.

పాఠభేదమంటే ఎలాంటిదో ఒక్కటి చూద్దాం. యోహాను మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో, పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అనే మాట పాత లాటిన్, ఇంగ్లిషు బైబిళ్లలో ఉంది. త్రిత్వాన్ని ఇంత సూటిగా చెప్పే వాక్యం మరొకటి లేదు. పాత గ్రీకు రాతప్రతుల్లో మాత్రం అది కనబడదు. అందుకే ఎరాస్మస్ 1516లో అచ్చువేసిన గ్రీకు పాఠంలో దాన్ని పెట్టలేదు. గొడవ లేచాక 1522 ముద్రణలో చేర్చాడు. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే బైబిల్ సొసైటీ వారి తెలుగు బైబిల్ తెరిచి చూడండి, అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే సాక్షులు. ఆ వాక్యం లేదని తెలుగు క్రైస్తవుల విశ్వాసం ఇసుమంతైనా సడలలేదు.

ఎందుకు సడలలేదో అర్థం చేసుకుంటే ఆగ్రా చర్చ ఎందుకు నిలిచిపోయిందో తెలుస్తుంది. ముస్లింకు దేవుడి వాక్కు ఖురానే. దేవదూత జిబ్రయీల్ ద్వారా ప్రవక్తకు అందిన ఆ అరబీ మాటలే దైవవాణి. అందుకే హాఫిజ్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేస్తాడు. అలాంటివాడికి ఒక్క వాక్యం మారిందని తేలినా ఆ గ్రంథం మీద భరోసా పోతుంది. క్రైస్తవుడికి దేవుడి వాక్కు అన్నిటికన్నా ముందు పుస్తకం కాదు, మనిషిగా పుట్టిన యేసు. సువార్తలు ఆయన గురించి నలుగురు ఇచ్చిన సాక్ష్యాలు. సాక్షుల మాటల్లో తేడాలుండొచ్చు, రాయసగాడి చేయి తడబడొచ్చు, సాక్ష్యం మాత్రం నిలుస్తుంది. ఈసాకు, అంటే యేసుకు, దేవుడిచ్చిన ఇంజీల్ ఏదని రహమతుల్లా అడుగుతున్నాడు. ఫాండర్ దగ్గరున్నది యేసు చరిత్ర. ఒకరు అడిగిన వస్తువు రెండోవారి మతంలోనే లేదు.

కాబట్టి ఖురాన్‌కు సాటి బైబిల్ అనుకోవడం పొరపాటనే అంటాను. ఖురాన్‌కు సాటి క్రీస్తు. చరిత్రలోనే దీనికి ఆధారముంది. కుమారుడు సృష్టింపబడినవాడా, అనాది నుంచీ ఉన్నవాడా అని క్రైస్తవులు 325లో నీకియా సభలో తేల్చుకోవలసి వచ్చింది. ఖురాన్ సృష్టింపబడిందా, అనాది నుంచీ ఉందా అని 833లో బగ్దాదు ఖలీఫా మామూన్ పండితులను నిలదీశాడు. సృష్టింపబడిందని ఒప్పుకోనందుకు అహ్మద్ ఇబ్న్ హంబల్ తర్వాతి ఖలీఫా కాలంలో కొరడా దెబ్బలు తిన్నాడు. రెండు మతాల వారూ తమకు అత్యంత ప్రాణమైన దాని గురించే ఇలా కొట్లాడుకున్నారు.

1857 తిరుగుబాటు తర్వాత రహమతుల్లా తప్పించుకుని మక్కా చేరాడు. ఆయన ఆస్తి జప్తయింది. 1864లో ఇస్తాంబుల్‌లో అచ్చయిన ఆయన అరబీ గ్రంథం ‘ఇజ్‌హారుల్ హక్’లో, ఆగ్రాలో వంతు రాని త్రిత్వానికి ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఫాండర్ మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో కన్నుమూశాడు. ఆగ్రాలో ముస్లింల పక్షాన నిలిచిన యువకుల్లో ఇమాదుద్దీన్ 1866లో అమృత్‌సర్‌లో బాప్తిస్మం పొంది పాదరీ అయ్యాడు. వాదంలో ఎదిరించిన పక్షానికే వెళ్లాడు.

ఆ కాలంలోనే సయ్యద్ అహ్మద్ ఖాన్ మరో దారి పట్టాడు. గాజీపూర్‌లో సొంత ముద్రణాలయం పెట్టుకుని 1862 నుంచి బైబిల్‌కు వ్యాఖ్య అచ్చువేయించాడు. ఒక ముస్లిం భక్తితో ఆ పనికి పూనుకోవడం ఇక్కడ కొత్త. జనం తప్పుగా అర్థం చెప్పుకున్నారే గానీ మూలపాఠం పెద్దగా పాడు కాలేదని ఆయన వాదన. అంటే ఫాండర్ ఆగ్రాలో నిలబెట్టుకోలేకపోయిన మాటను చాలా మటుకు ఒక ముస్లిం పండితుడే ఒప్పుకున్నాడు. అయితే ఆ వ్యాఖ్య కోసం మత్తయి సువార్తను అంత శ్రద్ధగా చదివాక కూడా ఆయనకు అందులో త్రిత్వం కనిపించలేదు. అద్వితీయుడైన దేవుడే కనిపించాడు.