రోళ్లపాడు బీడు, బట్టమేక పిట్ట

ఆళ్లగడ్డలో నిలబడి తూర్పుకు చూస్తే నల్లమల కనబడుతుంది. మా వైపు అడవి అంటే అదే. కొండుండాలి, చెట్టుండాలి, పులి తిరగాలి. మిడుతూరు మండలంలోని రోళ్లపాడు గడ్డిబీడును చూపించి ఇదీ అడవే అంటే చాలామంది నమ్మరు. కానీ నంద్యాల జిల్లా ఇంకా కర్నూలులో భాగంగా ఉన్న రోజుల్లో, 1988లో, ఆ బీడును అభయారణ్యంగా ప్రకటించారు. అదీ ఒక పిట్ట కోసం.

ఆ పిట్ట బట్టమేక. నిలబడితే మీటరు ఎత్తు. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. జతకట్టే కాలంలో గొంతు కింది సంచిని గాలితో నింపి కిందికి వేలాడేస్తుంది, తోకను వీపు మీదికి ఎత్తుతుంది, చాలా దూరం వినబడేలా మూలుగుతుంది. ఆడది గూడు కట్టదు. వట్టి నేల మీద, మామూలుగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాని రంగు మట్టిలో కలిసిపోతుంది. గొర్రె గిట్ట పడినా, కుక్క వాసన పట్టినా ఆ గుడ్డు ఇక లేనట్టే.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడే మకాం వేసి ఈ పక్షి బతుకు తీరును రాసుకున్నారు. కొంత మేర పశువుల మేత ఆపడంతో గడ్డి ఏపుగా లేచింది. గడ్డితో పాటు కృష్ణజింకలూ పెరిగాయి. అవి పక్క చేలల్లో పడ్డాయి. రాత్రంతా కాపలా కాసినా పైరు దక్కని రైతుకు అభయారణ్యం మీద ప్రేమ ఎలా ఉంటుంది? ఆ తర్వాత నీటిపారుదల వచ్చింది, పంటలు మారాయి. అసలు బట్టమేకకు గుడ్డు పెట్టడానికి గడ్డి ఎంత అవసరమో, మిడతలు ఏరుకోవడానికి చుట్టూ మెట్టచేలు అంతే అవసరం. కంచె లోపల ఉన్నది 6.14 చదరపు కిలోమీటర్లే. రైతును తప్పుపట్టలేను. సీమలో నీళ్లు వద్దనే నోరు ఎవరికుంది? కానీ బయటి మెట్టను వదిలేసి లోపలి గడ్డిని మాత్రమే కాపాడాలనుకోవడం పొరపాటే.

టాంజానియాలోని సెరెంగెటిలో దీని చుట్టం కోరి బస్టర్డ్ ఉంది. 1951లో పార్కయిన ఆ మైదానం 14,700 చదరపు కిలోమీటర్లకు పైనే. దాన్ని ఎవరూ బీడు అనలేదు. మన రికార్డుల్లో మాత్రం గడ్డి ఉన్న నేల అంటే బంజరే, ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చేయదగ్గదే.

2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం బట్టమేకను అంతరించే అంచున ఉన్న జాతిగా లెక్కగట్టింది. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై లోపే అని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు. రోళ్లపాడులో ఏళ్లుగా జాడ లేదు.

జైసల్మేర్ దగ్గర 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. వాటిలో కొన్నిటినైనా ఎప్పటికైనా దక్షిణాదికి తేవాలంటే, దింపడానికి గడ్డి ఉండాలి కదా. రోళ్లపాడులో ఆ గడ్డి ఇంకా ఉంది. చలికాలం సాయంత్రాల్లో దూరదేశాల నుంచి వలస వచ్చే గద్దలు ఆ గడ్డిలోకే దిగి రాత్రికి నేల మీద పడుకుంటాయి.