టీఎస్‌హెచ్ పరీక్ష
థైరాయిడ్ గ్రంథిని నడిపించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్. గర్భిణులు కాని పెద్దల్లో దీని సాధారణ పరిధి లీటరుకు సుమారు 0.4–4.0 మిల్లీ యూనిట్లు. రక్తం ఎక్కడిచ్చినా, ఆ ల్యాబు రిపోర్టులో ముద్రించిన పరిధితోనే పోల్చాలి. గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, అతిగా పనిచేస్తే తగ్గుతుంది.

హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5,376 మంది పెద్దలపై జరిగిన అధ్యయనం (2013) దాదాపు 11 శాతం మందిలో హైపోథైరాయిడిజాన్ని (గ్రంథి మందగించడం) గుర్తించింది. టీఎస్‌హెచ్ పెరిగినా థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే, టీఎస్‌హెచ్ 10 లోపున్న చాలామందికి వెంటనే మాత్ర అక్కర్లేదు. కొన్ని వారాలకు మళ్లీ పరీక్షించాలి. అందరికీ టీఎస్‌హెచ్ 2.5 లోపే ఉండాలన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు, వయసుతో పై హద్దు పెరుగుతుంది కూడా. గర్భిణుల పరిధి వేరు. జుట్టు కోసం వాడే బయోటిన్ ఫలితాన్ని తారుమారు చేయగలదు. పరీక్షకు కనీసం 2 రోజుల ముందే ఆపాలి. థైరాయిడ్ మందు మోతాదు మార్చాక 6–8 వారాలకు గాని టీఎస్‌హెచ్ స్థిరపడదు.