దొరగారి బంగళా, మన గుడిసె

కొల్లిపర నుంచి తెనాలి వెళ్లి, అక్కడ చీరాల వైపు పాసింజరు బండి ఎక్కితే బాపట్ల దాటాక స్టువర్టుపురం వస్తుంది. ఆ పేరు వినగానే బండిలో జనం ముఖాలు ఎలా మారతాయో మనకు తెలుసు. దానికి తర్వాత వద్దాం. ముందు ఇళ్ల గురించి మాట్లాడుకోవాలి.

ఇంగ్లండు పల్లెల్లో చర్చి పక్కన పాస్టరు ఉండే పాత ఇంటిని రెక్టరీ అంటారు. ఊరి పంటలో పదోవంతు, చర్చి మాన్యం ఆ పాస్టరుకు దక్కేవి. అందుకే ఇల్లూ పెద్దదిగా ఉండేది. 1947లో వచ్చిన చట్టంతో అక్కడ పాత కట్టడాలను జాబితాకెక్కించడం మొదలైంది. జాబితాలో ఉన్న ఇంటికి అనుమతి లేకుండా కిటికీ మార్చినా తప్పే. హావర్త్ అనే ఊళ్లో 1778-79లో కట్టిన పాస్టరు ఇల్లు ఇంకా నిలిచే ఉంది. బ్రాంటీ అక్కచెల్లెళ్లు నవలలు రాసింది ఆ ఇంట్లోనే. 1928 నుంచి అది మ్యూజియం.

మన వైపు ఆ రెక్టరీకి చుట్టం మిషన్ బంగళా. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చాక ఈ జిల్లాలో లూథరన్ మిషన్ వేళ్లూనుకుంది. బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. వీళ్లకు పంటలో పదోవంతు లేదు. దూరదేశపు చర్చిల్లో పోగైన చందాలతో ఇళ్లు కట్టుకున్నారు.

ఆ బంగళాలు ఎండను ఎరిగి కట్టినవి. మందపు గోడలు, ఎత్తు కప్పు, వేడిగాలి పైనుంచి పోయే కిటికీలు, చుట్టూ వరండా. వంటిల్లు విడిగా, వెనక ఉండేది. మిద్దె అయితే టేకు దూలాలు వేసి, వాటి మీద వాసాలు పరిచి, ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించేవారు. పైన సున్నం కలిపిన ఇటుక ముక్కలు పోసేవారు. ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. సున్నాన్ని ఎద్దుల గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. కరక్కాయ ఎక్కడిది? అడవిది. కోయలు, చెంచులు ఏరి సంతకు దించిన సరుకు. టేకు కూడా కొండల నుంచే దిగేది. గోడకు దొర పేరు పెట్టారు గాని, దాన్ని పట్టి ఉంచిన జిగురులో మనవాళ్లు ఏరిన కాయ ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. బంగళా అన్న మాట ఇంగ్లీషు వాళ్లది కాదు. బెంగాలు రైతు గుడిసెకు ఆ పేరు. కప్పును కిందికి దించి, చూరు నీడలో మనుషులు కూర్చునే ఏర్పాటు ఆ గుడిసెది. దొరలు దాన్ని చూసి నేర్చుకుని, పెంచి, తమ ఇల్లు చేసుకున్నారు. యానాదుల తాటాకు గుడిసెలో వంగి దూరాలి. కానీ కిందికి దిగిన ఆ చూరు ఎండనూ వాననూ ఆపే తీరు, వరండా చేసే పని, ఒకటే. మన గుడిసెను వెనకబాటు అన్నారు, దొర ఇంటిని వాస్తుశిల్పం అన్నారు.

వరండా నీడ ఒక్కటే ఇవ్వలేదు. ఎవరు ఎంతవరకు రావచ్చో కూడా చెప్పింది. కొందరు హాల్లోకి, కొందరు వరండా దాకా, కొందరు మెట్ల కిందే. అయితే అలాంటి వరండాల్లోనే మనలో కొందరికి మొదటి పలక దొరికింది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచడం చరిత్ర కాదు.

ఇక స్టువర్టుపురం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే సాల్వేషన్ ఆర్మీ చేతి కింద ఎరుకల కుటుంబాల సెటిల్‌మెంటు ఇక్కడ వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరే ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీలో కూలి. ఏ నేరం చేయని పసివాడు కూడా పుట్టుకతోనే ఆ లెక్కలోకి వచ్చేవాడు. ఇలాంటి చోట పర్యవేక్షకుడి ఇంటిని ఇల్లుగా మాత్రమే చూడలేం, అది కాపలా కూడా. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. బండిలో ముఖాలు మాత్రం ఇంకా మారుతూనే ఉన్నాయి.

మన రాష్ట్రంలో పాత కట్టడాలను కాపాడేందుకు 1960 నాటి చట్టం ఉంది. దాని కింద ఎక్కువగా గుళ్లు, కోటలు, స్తూపాలు కనిపిస్తాయి. గుర్తింపు లేకపోతే ఏమవుతుందో రేపల్లె దగ్గరి భట్టిప్రోలు చెబుతుంది. అంత గొప్ప స్తూపం ఇటుకలూ రాళ్లూ రోడ్లకూ కాలువ పనులకూ పోయాయి. 1892లో రీ దొర తవ్వేనాటికి మిగిలింది కొంతే. మిషన్ బంగళాలకు వేరే ఆపద ఉంది. పెచ్చులూడిన సున్నపు గోడకు మంచి మనసుతోనే సిమెంటు పూస్తారు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. కొన్నేళ్లకు ఉప్పు పొంగి ఇటుకే రాలుతుంది.

ఉపాధ్యాయులను ఒకటి అడుగుతున్నాం. మీ దగ్గర పాత బంగళా ఉంటే పిల్లలతో కొలిపించండి. గోడ మందం, వరండా వెడల్పు, మెట్ల సంఖ్య రాయించండి. ఆ కూలిపని చేసినవాళ్ల మనవలు ఊళ్లో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. అదే నోటుపుస్తకంలో తర్వాతి పేజీలో అమ్మమ్మ గుడిసె కొలతలూ ఉండాలి. చూరు నేలకు ఎన్ని జానల ఎత్తు, కప్పుకు ఎన్ని తాటాకులు, ఎన్నేళ్లకొకసారి మారుస్తారు? ఆ లెక్క చెప్పగలిగిన అమ్మమ్మలు మన పేటల్లో ఇంకా ఉన్నారు.